ఈ 50 ఓట్లు సరే మేడమ్, మిగతావి ఎవరు చూస్తరు?

2024 మే 13, తెలంగాణ. లోక్‌సభ ఎన్నికలు. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. పోలింగ్ ఏడింటికి మొదలవుతుంది, మిషన్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్, అదే మాక్ పోల్, మాత్రం అయిదున్నరకే పెట్టాలి. ముందు రోజు రాత్రి మా టీమ్ అంతా ఆ బడి గదిలోనే ఉన్నాం. పడుకున్నామనే గానీ ఎవరికీ నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి, కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, ఓటు స్లిప్పు చూపించే వీవీప్యాట్, వీటి కేబుళ్లు కలిపి, కిటికీ వెలుగు వీవీప్యాట్ మీద నేరుగా పడకుండా బల్ల జరిపి, పార్టీల ఏజెంట్ల కోసం ఎదురు చూశాం.

టైముకి ఇద్దరే వచ్చారు. ఒకాయన చాలా ఎన్నికలు చూసినవాడు, వచ్చి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. రెండో అతను కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు. మొదటిసారి ఏజెంటుగా కూర్చుంటున్నాడట. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకున్నాడు.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయాలి. ప్రతి అభ్యర్థి బటనూ నొక్కాలి, నోటా కూడా వదలకూడదు. ఎవరికి ఎన్ని వేశామో కాగితం మీద రాసుకున్నాం. క్లోజ్ నొక్కి, రిజల్ట్ చూశాం. తర్వాత వీవీప్యాట్ పెట్టె తెరిచి స్లిప్పులన్నీ బల్ల మీద పోశాను. ఆ కుర్రాడు లేచొచ్చి నా పక్కన నిలబడి, గుర్తుల వారీగా స్లిప్పులు తనే పేర్చాడు, తనే లెక్కపెట్టాడు. మిషన్ లెక్క, స్లిప్పుల లెక్క, మేం రాసుకున్న లెక్క, మూడూ కలిశాయి. క్లియర్ నొక్కి, టోటల్ సున్నా అని ఇద్దరికీ చూపించాను. స్లిప్పుల వెనక మాక్ పోల్ స్టాంపు వేసి, నల్ల కవర్లో పెట్టి, లక్కతో సీలు వేశాను. సంతకాలు తీసుకున్నాను.

అప్పుడు అడిగాడు, చాలా మర్యాదగానే: "ఈ 50 ఓట్లు మేం చూసినం మేడమ్. మిగతావి ఎవరు చూస్తరు?"

పాతికేళ్లుగా డ్యూటీ చేస్తున్నాను. ట్రైనింగుల్లో వందల మందికి చెప్పాను. అయినా ఆ నిమిషంలో వెంటనే నోరు పెగల్లేదు. "సాయంత్రం దాకా కూర్చో బాబూ, చివర్లో ఒక కాగితం ఇస్తాను. అప్పుడు చెప్తాను" అన్నాను.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటి నుంచి నాలుగు నెలలకొకసారి ఏదో ఒక ఎన్నికల నియమం మారిందని వార్త రావడం, స్టాఫ్ రూములో వాదనలు జరగడం, నేను మళ్లీ ఆ పిల్లవాడి మాట దగ్గరికే రావడం. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

నా మొదటి డ్యూటీ 1999లో, ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది. అప్పుడు బ్యాలెట్ పెట్టె. లోక్‌సభకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ రంగు కాగితం. పోలింగుకు ముందు ఖాళీ పెట్టెను బోర్లించి అందరికీ చూపించేవాళ్లం. ఏజెంట్లు లోపల చెయ్యి పెట్టి తడిమి మరీ చూసేవాళ్లు. అప్పుడు భయం లేదని కాదు. పెట్టెలు ఎత్తుకెళ్తారేమో, ఎవరో వచ్చి గుద్దేసి పోతారేమో అని భయం. కానీ నేను వేసిన స్వస్తిక్ ముద్ర దానంతటదే ఇంకో గుర్తు మీదికి మారుతుందేమో అన్న భయం మాత్రం ఎవరికీ లేదు.

2004లో అన్ని చోట్లా మిషన్లు వచ్చాయి. భయం రూపు మారింది. "ఏ బటన్ నొక్కినా ఒక్కళ్లకే పడుతదట గదా టీచరమ్మా" అని ఓటర్లే అడిగేవాళ్లు. నేను ధీమాగా చెప్పేదాన్ని: దీనికి ఇంటర్నెట్ లేదు, బయటి వైర్ లేదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు అని. చెప్పిన మాట తప్పు కాదు. కానీ అవతలి మనిషి అడిగింది వైర్ గురించి కాదని ఆలస్యంగా తెలిసింది. తన ఓటు తన కంటికి కనపడటం లేదని ఆమె బాధ.

ట్రైనింగుల్లో నేను తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. మన దేశంలో ఈవీఎం మొదటిసారి వాడింది 1982 మేలో, కేరళలోని పరూర్ నియోజకవర్గంలో, 50 బూతుల్లో. అక్కడ శివన్ పిళ్లై 123 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిన ఏ.సీ. జోస్ కోర్టుకు వెళ్లారు. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 బూతుల పోలింగును కొట్టేసింది. కోర్టు మిషన్ చెడ్డదని అనలేదు. చట్టంలో బ్యాలెట్ అని ఉండగా, చట్టం మార్చకుండా మిషన్ పెట్టే అధికారం కమిషన్‌కు లేదంది. ఆ 50 చోట్ల కాగితం మీద మళ్లీ ఓట్లు వేయించారు. ఈసారి జోస్ గెలిచారు. ఆ తర్వాత 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చాకే మిషన్లకు దారి పడింది.

ఈ కథ చెప్తే కొత్తగా వచ్చిన ఓపీవోలు (ఇతర పోలింగ్ ఆఫీసర్లు) "అంటే మిషన్లో తప్పుందా మేడమ్" అని అడుగుతారు. కాదమ్మా, ముందు మిషన్ వచ్చి తర్వాత చట్టం వచ్చింది, అదీ జరిగిన తప్పు అంటాను. మంచి మార్పైనా సరే, వరస తప్పితే జనం నమ్మరు. పాతికేళ్ల డ్యూటీలో నాకు అర్థమైంది ఇదే. మార్పు ఎప్పుడు వచ్చింది, ముందుగా ఎవరికి చెప్పి వచ్చింది, దానివల్ల ఓటరు చూడగలిగేది పెరిగిందా తగ్గిందా. జనం చూసేది ఈ మూడే. వాళ్లకి సెక్షన్ నంబర్లు తెలియకపోవచ్చు గానీ ఇవి బాగా తెలుసు.

వీవీప్యాట్ చూడండి. 2013 ఆగస్టులో నియమాలు సవరించారు, సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు, అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఈ కాగితపు ఆధారం ఉండి తీరాల్సిందే అని చెప్పింది. ఓటు వేయగానే 7 సెకన్లు అద్దం వెనక స్లిప్పు కనపడుతుంది, తర్వాత తెగి పెట్టెలో పడుతుంది. ఆ 7 సెకన్లు బూతులో ఎంత తేడా తెచ్చాయో నాలాంటి వాళ్లకే తెలుసు. 2018లో మా రాష్ట్రంలో అన్ని బూతుల్లో పెట్టారు. ఓటేసి బయటికి వస్తున్న ఆడవాళ్లు "కనపడ్డది, కనపడ్డది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. మిషన్ గురించి నేను పద్నాలుగేళ్లు చెప్పిన మాటల కంటే ఆ చిన్న కాగితం ముక్క ఎక్కువ పని చేసింది.

అందరికీ కాదు. 2019 ఏప్రిల్‌లో ఒక పెద్దాయన ఓటేసి అక్కడే నిలబడిపోయాడు. అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చాడట. "ఏదో మెరిసింది గానీ ఏం కనపడలేదమ్మా, మళ్లొకసారి చూపిస్తవా" అన్నాడు. కుదరదు తాతా, ఒక్కసారే అన్నాను. ఒకవేళ నొక్కింది ఒకటి, కనపడింది ఇంకోటి అని ఎవరైనా అంటే దానికి 49ఎంఏ అనే నియమం ఉంది. ఓటరు రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తాం. చెప్పింది తప్పని తేలితే అప్పట్లో ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో. ఆ సంగతి ముందే చదివి వినిపించాలి. ఆ మాట విన్నాక ఎంతమంది ముందుకొస్తారు? ఆయనది ఫిర్యాదు కాదు, చూపు సమస్య. కానీ ఆయన వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ ఎన్నికకు మూడు రోజుల ముందే, 2019 ఏప్రిల్ 8న, సుప్రీంకోర్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక బూతు బదులు అయిదు బూతుల్లో వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించాలని చెప్పింది. 50 శాతం లెక్కించమని అడిగిన 21 పార్టీల పిటిషన్‌లో ముందున్నది చంద్రబాబు నాయుడు. అయిదేళ్లు తిరిగాక, 2024 జూన్‌లో ఓడిపోయిన జగన్‌మోహన్ రెడ్డి కాగితం బ్యాలెట్లకు వెళ్లాలన్నారు. ఇది చూపించి మా స్టాఫ్ రూములో ఒక సారు "ఓడినోడికే అనుమానం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఓడినవాడికి అనుమానం రావడం సహజం. గెలిచినవాడు ఎలాగూ అడగడు. ఎన్నికల నియమాలన్నీ రాసుకున్నదే ఆ ఓడినవాడి కోసం, అతను అడిగినదానికి చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలని. ఇప్పుడు గెలిచినవాళ్లు రేపు ఓడతారు, అప్పుడు అదే కాగితం వాళ్లూ అడుగుతారు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు కష్టమైన సంగతి.

2018 డిసెంబరు 7. అసెంబ్లీ ఎన్నికలు. పదకొండు గంటలప్పుడు ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చేతిలో ఓటరు కార్డు, ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుంది. మొదటి పోలింగ్ ఆఫీసరు లిస్టులో వెతికాడు, లేదు. మళ్లీ వెతికాడు, ఇంటి నంబరు ప్రకారం చూశాడు. భర్త పేరుంది, కొడుకు పేరుంది, ఆమెది లేదు. నా దగ్గరికి పంపాడు.

"పోయినసారి ఇదే బడిల ఏసిన మేడమ్. కార్డు గూడ ఉన్నది. నా పేరెందుకు తీసిండ్రు?"

కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉండదు, లిస్టులో పేరుండాలి. నియమం అదే, అదే చెప్పాను. ఆమె వాదించలేదు, అరవలేదు. "అది కాదు మేడమ్, ఎందుకు తీసిండ్రని అడుగుతున్న" అంది.

నేను నా సంచి వంక చూశాను. పోలింగ్ సంచిలో ప్రతిదానికీ ఒక ఫారం ఉంటుంది. తన ఓటు ఇంకెవరో వేసేసి పోతే టెండర్ ఓటు ఉంది, దానికి 17బీ ఉంది. ఇతను అసలు మనిషి కాదని ఏజెంటు అంటే ఛాలెంజ్ ఓటు ఉంది, రెండు రూపాయలు కట్టించుకుని రసీదు ఇస్తాం. కళ్లు కనపడనివాళ్లకు తోడు వచ్చేవాళ్ల డిక్లరేషన్ ఉంది. పేరే లేని మనిషి కోసం ఆ సంచిలో ఒక్క కాగితం లేదు. ఆమె వచ్చిందని, అడిగిందని, వెనక్కి వెళ్లిపోయిందని నా డైరీలో రాయడానికి కూడా గడి లేదు.

ఆమె బయట అరుగు మీద చాలాసేపు కూర్చుంది. భర్త ఓటేసి వచ్చాడు. అతని వేలికి సిరా ఉంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా వెళ్లిపోయారు. ఆ రోజు మా రాష్ట్రంలో ఇలా పేర్లు గల్లంతైనవాళ్లు చాలామంది. పోలింగ్ అయ్యాక రాష్ట్రస్థాయిలో బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. 2015లో ఓటరు లిస్టుకు ఆధార్ అనుసంధానం అంటూ ఒక కార్యక్రమం దేశమంతా మొదలైంది, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది. ఆగేలోపే మా దగ్గర చాలా పని జరిగిపోయిందని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. కొన్ని నియమాలు మారినట్టు కూడా ఎవరికీ తెలియదు, పోలింగ్ రోజు లైన్లో నిలబడ్డాకే తెలుస్తుంది.

1950 చట్టం ప్రకారం, ఊరు వదిలి వెళ్లారనో అక్కడ ఓటుకు అర్హత లేదనో పేరు తీసేసే ముందు, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కాగితం మీద నియమం బాగానే ఉంది. ఆమెకు మాత్రం ఏ నోటీసూ రాలేదు. ఆ తర్వాత ఆమె ఎప్పుడైనా ఓటేసిందో లేదో గానీ, ఆ ప్రశ్న అడిగిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

బాగున్న మార్పులూ ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. మా ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్ సంగతే తీసుకోండి. పూర్వం బ్యాలెట్ మా చేతికిస్తే, కౌంటింగ్ రోజు పొద్దున ఎనిమిది దాకా ఎప్పుడైనా చేర్చవచ్చు. వారాల తరబడి ఇంట్లో ఉండేది. ఇంట్లో ఉందని తెలిస్తే అడిగేవాళ్లు తయారు. మాకు తెలిసినవాళ్లే వచ్చి "ఎవరికేశారు, చూపించండి" అన్న సందర్భాలున్నాయి. 2023 ఆగస్టులో నియమాలు సవరించారు. ట్రైనింగ్ దగ్గర పెట్టిన ఫెసిలిటేషన్ సెంటర్లోనే ఓటేసి అక్కడే పెట్టెలో వేయాలి. ఆ నవంబరులో నేను అలాగే వేశాను. ప్రాణం హాయిగా అనిపించింది. అయితే మూడు నెలల ముందు మారిన నియమం కాబట్టి, పాత పద్ధతే అనుకుని పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు, ఫారం 12, ఆలస్యంగా ఇచ్చి ఓటు పోగొట్టుకున్నవాళ్లు మా మండలంలోనే నాకు తెలుసు. మంచి నియమమే, మాకు చెప్పడం ఆలస్యమైంది.

ఇంటి దగ్గర ఓటు కూడా అంతే. మా కాలనీలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారున్నారు, 82 ఏళ్లు. 2023 నవంబరులో 80 దాటినవాళ్లకు అవకాశం ఉంది కాబట్టి ఇంటికే టీమ్ వచ్చి, వీడియో తీస్తూ ఓటేయించింది. ఆయన ఎంత పొంగిపోయారో. 2024 మార్చి 1న ఆ వయసును 85కి పెంచారు. 80 దాటిన పెద్దల్లో ఎక్కువమంది బూతుకు వచ్చే ఓటేస్తున్నారన్నది కారణం. కావచ్చు. మేలో ఆయన ఫోన్ చేసి "అమ్మా, పోయినసారి ఇంటికొచ్చారు కదా, ఈసారి నేనేం తప్పు చేశాను" అని అడిగారు. ఆర్నెల్ల తేడాతో రెండు ఎన్నికలు, రెండు నియమాలు. వీల్‌చైర్ ఉంటుంది రండి సార్ అన్నాను. వచ్చారు. ఎండలో వచ్చారు.

ఆ మేలోనే ఆంధ్రాలో పనిచేస్తున్న మా చిన్నమ్మ కూతురు రోజూ ఫోన్లో టెన్షన్ పడేది. పోస్టల్ బ్యాలెట్‌తో జతపరిచే 13ఏ డిక్లరేషన్ మీద అధికారి సంతకం ఉంది గానీ పేరు, హోదా, సీలు లేవు, తన ఓటు చెల్లుతుందా లేదా అని. సంతకం ఉంటే చాలని ఎన్నికల అధికారులు అన్నారు. అలా అనడం కుదరదని ఒక పార్టీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు కోర్టులూ జోక్యం చేసుకోలేదు. ఓటరు పొరపాటు కాని దానికి ఓటు పోకూడదు, ఆ మేరకు నాకూ సమ్మతమే. కానీ ఓట్లు పడ్డాక, లెక్కింపుకు కొద్దిరోజుల ముందు ఏది చెల్లుతుందో చెప్పాల్సి వచ్చిందంటే, ఏ పక్షం వాడికైనా మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. అదే మాట మార్చిలో చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లే కాదు.

తిరిగి మా బూతుకి వస్తాను. ఆ రోజుల్లోనే పోలింగ్ శాతాల గొడవ నడుస్తోంది. ఏప్రిల్ 19న మొదటి దశ పోలింగ్ అయితే, పూర్తి శాతం 11 రోజుల తర్వాత ఏప్రిల్ 30న ఇచ్చారు. ఎన్ని ఓట్లు పడ్డాయో అంకెల్లో ఇవ్వలేదు, శాతమే ఇచ్చారు. ప్రతి బూతులోనూ పడ్డ ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ ఉండగా అంకె ఎందుకు చెప్పరని కోర్టులో కేసు. 17సీ ఏజెంట్లకు ఇవ్వడానికే గానీ అందరికీ ఇవ్వాలని నియమంలో లేదని కమిషన్ వాదన. మే 24న కోర్టు, ఎన్నికల మధ్యలో ఆదేశాలు ఇవ్వలేమంది. మే 25న కమిషన్ తనంతట తానే నియోజకవర్గాల వారీగా ఓట్ల అంకెలు విడుదల చేసింది. ఇచ్చారు కదా, ఏ ఇబ్బందీ రాలేదు కదా. అదే పని మొదటి వారంలో చేసి ఉంటే నెల రోజుల అనుమానం ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

17సీ రాసేది నాలాంటి వాళ్లమే. రోజంతా అలిసిపోయి, చేతులు వణుకుతుంటే, కంట్రోల్ యూనిట్ నంబరు, పేపర్ సీలు నంబర్లు, 17ఏ రిజిస్టర్లో సంతకం పెట్టినవాళ్లెందరు, మిషన్లో టోటల్ ఎంత, అన్నీ రాసి, కాపీలు తయారుచేసి ఏజెంట్లకిచ్చి సంతకాలు తీసుకుంటాం. నేను నా చేత్తో రాసి ఇచ్చే కాగితం రహస్యం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. పార్టీలు టీవీల్లో 17సీ అని గొంతు చించుకుంటాయి గానీ, రాత్రి అయ్యేసరికి దాన్ని తీసుకోవడానికి బూతులో ఏజెంటు ఉండడు. ఎన్నోసార్లు కాపీలు పట్టుకుని "ఎవరైనా ఉన్నారా" అని నేను గుమ్మం దాకా వెళ్లాను.

2024 డిసెంబరు 20న ఇంకో మార్పు వచ్చింది. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93(2)(ఏ). ఎన్నికకు సంబంధించిన మిగతా పత్రాలన్నీ ప్రజలు చూడవచ్చు అని ఉండేది. "ఈ నియమాల్లో పేర్కొన్న" పత్రాలు మాత్రమే అని మార్చారు. అంటే సీసీటీవీ, వెబ్‌కాస్టింగ్ వీడియోలు ఇక ప్రజలు చూడటానికి లేకుండా పోయాయి. ఎవరు ఓటేశారో, ఎవరు వేయలేదో వీడియో చూసి పట్టుకుని బెదిరిస్తారని, రహస్యం పోతుందని కారణం చెప్పారు. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను. లైన్లో నిలబడే ఆడవాళ్ల మొహాలు రోజంతా చూసేది నేనే, ఆ వీడియో ఎవరి చేతిలో పడుతుందో అన్న ఆలోచన నాకూ ఉంది.

కానీ తేదీలు చూడండి. హర్యానా ఎన్నికల పత్రాలు, వీడియోలు ఒక న్యాయవాదికి ఇవ్వాలని పంజాబ్-హర్యానా హైకోర్టు డిసెంబరు 9న చెప్పింది. నియమం 20న మారింది. 11 రోజులు. నెలల తరబడి పార్టీలతో మాట్లాడి, మొహాలు కనపడకుండా చేసి ఇవ్వొచ్చా అని ఆలోచించి ఇదే మార్పు తెచ్చి ఉంటే, ఇంత నొప్పి ఉండేది కాదు. మరుసటి మేలో, ఎన్నికల పిటిషన్ లేకపోతే 45 రోజుల తర్వాత ఆ వీడియోలు తీసేయవచ్చని కూడా ఆదేశం వచ్చింది. అడిగిన తర్వాత తలుపు వేస్తే, లోపల ఏమీ లేకపోయినా బయటివాడు ఏదో ఉందనే అనుకుంటాడు.

2025లో బిహార్ వచ్చింది. జూన్ 24న ఓటరు లిస్టు ప్రత్యేక సమగ్ర సవరణకు ఆదేశం. అక్కడ ఎన్నికలకు అయిదారు నెలల టైము కూడా లేదు. 7.89 కోట్ల పేర్లున్న లిస్టు ఆగస్టు 1 ముసాయిదాకి 7.24 కోట్లయింది. సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లు అందులో ఉంటారు, సందేహమే లేదు. లిస్టు శుభ్రం చేయకపోతే మాకు బూతులో ఎంత తలనొప్పో నేను చెప్పగలను. పదేళ్ల క్రితం పోయినవాళ్ల పేర్లు చదువుతుంటాం. కాబట్టి సవరణే వద్దనడం నాకు సరికాదనిపిస్తుంది.

ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ 65 లక్షల పేర్లనూ, ఎందుకు తీశారో కారణంతో సహా ప్రచురించమంది. ఆ వార్త చదువుతుంటే నాకు అరుగు మీద కూర్చున్న ఆమె కళ్ల ముందుకొచ్చింది. 2018లో ఆమె నన్ను అడిగింది ఇదే కదా. ఓటు కావాలని గొడవ చేయలేదు, కారణం చెప్పమంది. పేరు, పక్కన కారణం, ముందుగా గోడ మీద. ఇది కోర్టు చెప్తే గానీ జరగలేదంటే నాకు బాధగా ఉంది. మొదటి రోజే అలా పెట్టి ఉంటే ఆ రెండు వారాల ఆందోళన చాలా వరకు ఉండేదే కాదు.

ఆ మే 13 రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. ఆరు గంటలకు లైన్లో ఉన్నవాళ్లకు చివరి నుంచి చీటీలిచ్చి, ఏడు దాటాక పోలింగ్ ముగించాం. గోడకు చేరగిలబడిన పెద్దాయన నాలుగింటికే వెళ్లిపోయాడు. కుర్రాడు మాత్రం కదల్లేదు. క్లోజ్ నొక్కాను. మొత్తం 811. 17ఏలో చివరి నంబరు 811. అతని నోటుబుక్కులో కూడా గీతలు అయిదేసి కట్టలుగా కట్టి ఉన్నాయి, లెక్కపెట్టుకున్నాడు, 809 వచ్చాయి. మధ్యాహ్నం ఓసారి బయటికెళ్లాను మేడమ్, అప్పుడు తప్పి ఉంటాయి అన్నాడు.

17సీ కాపీ అతని చేతికిచ్చాను. "ఇదిగో బాబూ పొద్దున నువ్వడిగినదానికి. ఎవరికి పడ్డాయో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఎన్ని పడ్డాయో ఇద్దరికీ తెలుసు. సీలు నంబర్లు ఇందులో ఉన్నాయి. కౌంటింగ్ రోజు మన మిషన్ బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ నంబర్లు, ఈ టోటల్ సరిచూడమని మీవాళ్లకు చెప్పు" అన్నాను. ఫోన్లో ఫొటో తీసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్ట్రాంగ్ రూముకి వెళ్లే బస్సు ఎక్కేదాకా మా వెంటే ఉన్నాడు.

జూన్ నెలాఖరులో బళ్లు తెరిచాక, సాయంత్రం గేటు దగ్గర బండి ఆపి పలకరించాడు. కౌంటింగ్ ఏజెంటుగా తనే వెళ్లాడట. మన బూతు మిషన్ వచ్చినప్పుడు కాగితం తీసి సీలు నంబర్లన్నీ చదివించాడట.

"811 వచ్చింది మేడమ్, కలిసింది. మావాళ్లు మాత్రం ఓడిపోయిన్రు."

ఆ కాగితం ఇంకా ఉందా అని అడిగాను. పర్సులోంచి తీసి చూపించాడు. మడతల దగ్గర కొద్దిగా చిరిగింది. నా సంతకం కనపడుతోంది.